పాత హోమ్ కంప్యూటర్‌కి పీసీ ఫ్లాపీ డ్రైవ్ తగిలించడం ఎలా?

"స్పెక్ట్రమ్ ప్లస్3లో డ్రైవ్ బెల్టు కరిగి జిగురైపోయింది. పాత పీసీలోంచి తీసిన 1.44 ఎంబీ డ్రైవ్ ఒకటి ఉంది. దాన్ని పెట్టుకోవచ్చా?" కంప్యూటర్ పేరు ఒక్కటే మారుతుంది. ప్రశ్న ఎప్పుడూ ఇదే. ఒకరికి అటారీ ఎస్‌టీ, ఇంకొకరికి అమ్‌స్ట్రాడ్ సీపీసీ 6128, మరొకరికి అమిగా 500. విడివిడిగా జవాబులు చెప్పేకన్నా అన్నీ ఒకచోట రాస్తే మేలనిపించింది.

పెట్టుకోవచ్చు. చాలామంది మొదటి ప్రయత్నంలో డ్రైవ్ కదలకపోతే "ఇది దీనికి సరిపడదు" అని పక్కన పడేస్తారు. నిజానికి డ్రైవ్ కేబుల్‌లోని 34 తీగల్లో తేడా వచ్చేది రెండు మూడింటితోనే. ఆ మార్పులు కూడా కేబుల్‌లోనే చేసుకోండి. కంప్యూటర్ బోర్డు మీద సోల్డరింగ్ ఐరన్ పెట్టకండి. కేబుల్ పాడైతే ఇంకొకటి చేసుకోవచ్చు, ముప్పై నలభై ఏళ్ల బోర్డు మళ్లీ దొరకదు.

తేడా ఎక్కడుంది

పాత హోమ్ కంప్యూటర్లలో చాలావరకు షుగార్ట్ (అప్పటి ఒక డ్రైవ్ కంపెనీ) పద్ధతి వాడాయి. అందులో పిన్ 10, 12, 14 మీద డ్రైవ్ సెలెక్ట్ సిగ్నల్స్ వస్తాయి. అంటే 0వ డ్రైవ్‌కి 10, 1వ డ్రైవ్‌కి 12, 2వ డ్రైవ్‌కి 14. పిన్ 16 మోటార్‌ది. పిన్ 34 మీద "డిస్క్ సిద్ధంగా ఉంది" అని చెప్పే రెడీ సిగ్నల్ ఉంటుంది. పీసీ డ్రైవ్‌లు దాదాపు అన్నీ ఫ్యాక్టరీలోనే 1వ డ్రైవ్‌గా, అంటే పిన్ 12కి పలికేలా సెట్ అయి వస్తాయి. వాటి పిన్ 34 మీద రెడీ ఉండదు, "డిస్క్ మార్చారు" అని చెప్పే సిగ్నల్ ఉంటుంది. ఈ పనికి ఇంతకంటే థియరీ అక్కర్లేదు.

కావలసినవి

- 34 పిన్‌ల 3.5 అంగుళాల పీసీ ఫ్లాపీ డ్రైవ్
- పీసీ ఫ్లాపీ కేబుల్. మధ్యలో కొన్ని తీగలు మెలి తిరిగి ఉంటాయే, అదే
- కంటిన్యుటీ బీప్ ఉన్న మల్టీమీటర్
- సన్న మొన ఉన్న సోల్డరింగ్ ఐరన్, హీట్ ష్రింక్ ట్యూబ్, పదునైన బ్లేడు
- 5 వోల్టుల పవర్ (కంప్యూటర్ నుంచి గానీ, విడి అడాప్టర్ నుంచి గానీ)
- పోయినా బాధలేని రెండు మూడు డిస్కులు
- ఐసోప్రొపైల్ ఆల్కహాల్, దూది పుల్లలు

యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్ పనికిరాదు. దీని గురించి కూడా చాలామంది అడుగుతుంటారు. అందులో కంట్రోలర్ లోపలే ఉంటుంది. మీ కంప్యూటర్ పంపే స్టెప్, సెలెక్ట్ లాంటి సిగ్నల్స్ దానికి అర్థం కావు. లోపలి డ్రైవ్‌ని విప్పి వాడదామన్నా అది సాధారణంగా ల్యాప్‌టాప్ రకం, సన్నటి ఫిల్మ్ కేబుల్‌తో వస్తుంది. దానితో కుస్తీ పట్టేకన్నా మామూలు డ్రైవ్ వెతుక్కోవడం తేలిక.

1. డ్రైవ్‌ని ముందు పరీక్షించండి

పనిచేస్తుందో లేదో తెలియని డ్రైవ్‌ని, సరిగా చేశామో లేదో తెలియని కేబుల్‌తో కలిపితే తప్పు ఎక్కడుందో ఎప్పటికీ తేలదు. పాత పీసీ ఉంటే అందులో పెట్టి ఒక డిస్క్ చదివి, రాసి చూడండి. గ్రీస్‌వీజిల్ బోర్డు (ఫ్లాపీ డ్రైవ్‌ని యూఎస్‌బీతో ఇప్పటి కంప్యూటర్‌కి కలిపేది) ఉంటే ఇంకా మంచిది. అది మోటార్ వేగాన్ని కొలిచి చూపిస్తుంది. నిమిషానికి 300 తిరుగుళ్లకు దగ్గర్లో, నిలకడగా ఉండాలి.

ఆల్కహాల్‌లో తడిపిన దూదితో పై హెడ్‌నీ కింది హెడ్‌నీ మెల్లగా తుడవండి. పై హెడ్‌ని వేలితో ఎత్తి లాగకండి, దాని స్ప్రింగ్ చాలా సున్నితం. హెడ్ జరిగే కడ్డీ మీద పాత గ్రీజు గట్టిపడి ఉంటే తుడిచేసి కొంచెం కొత్తది రాయండి.

డ్రైవ్ కింద గానీ వెనక గానీ "డీఎస్0, డీఎస్1" అని రాసిన జంపర్లు (రెండు పిన్‌లను కలిపే చిన్న తొడుగులు; డీఎస్ అంటే డ్రైవ్ సెలెక్ట్) ఉన్నాయేమో చూడండి. పాత డ్రైవ్‌లలో ఉంటాయి. టీయాక్ ఎఫ్‌డీ-235హెచ్‌ఎఫ్ తొలి మోడళ్లలో కూడా ఉంటాయి, అలాంటిది దొరికితే వదులుకోకండి. తర్వాత వచ్చినవాటిలో జంపర్లు తీసేశారు. కొన్నింటిలో సోల్డర్ చేయడానికి చిన్న గుర్తులు మాత్రం మిగిలాయి.

2. పవర్: ఇక్కడ తొందరపడితే డ్రైవ్ కాలిపోతుంది

పీసీ డ్రైవ్‌కి వచ్చే నాలుగు తీగల్లో ఎరుపు 5 వోల్టులు, మధ్యలోని రెండు నలుపులు గ్రౌండ్, పసుపు 12 వోల్టులు. ఇప్పటి 3.5 అంగుళాల డ్రైవ్‌లలో చాలావాటికి 5 వోల్టులు చాలు. డ్రైవ్ మీది లేబుల్‌లో 5 వోల్టులు మాత్రమే రాసి ఉంటే పసుపు తీగను అసలు కలపకండి.

అమ్‌స్ట్రాడ్ సీపీసీ, స్పెక్ట్రమ్ ప్లస్3 ఉన్నవాళ్లు ఇది రెండుసార్లు చదవండి. వాటి లోపలి 3 అంగుళాల డ్రైవ్ పవర్ కనెక్టర్ చూడ్డానికి పీసీ డ్రైవ్ కనెక్టర్‌లాగే ఉంటుంది, చక్కగా పట్టేస్తుంది కూడా. కానీ అందులో 5 వోల్టులు, 12 వోల్టులు తారుమారుగా ఉంటాయి. అలాగే తగిలించి ఆన్ చేస్తే 5 వోల్టులు వెళ్లాల్సిన చోటికి 12 వెళ్తాయి. డ్రైవ్ ఆ క్షణంలోనే పోతుంది. ఏ కంప్యూటరైనా సరే, కనెక్టర్ తగిలించే ముందు మల్టీమీటర్‌తో కొలవండి. తీగ రంగుని నమ్మకండి.

విడి అడాప్టర్ వాడితే దాని గ్రౌండ్, కంప్యూటర్ గ్రౌండ్ కలవాలి. రిబ్బన్ కేబుల్‌లోని బేసి సంఖ్య తీగలన్నీ గ్రౌండే కాబట్టి మామూలుగా ఆ కేబుల్ తగిలిస్తే కలుస్తాయి. మీటర్‌తో చూసి నిర్ధారించుకోండి.

3. కేబుల్‌లోని మెలికను వదిలించుకోండి

పీసీ కేబుల్‌కి ఒక కొసన బోర్డు కనెక్టర్, మధ్యలో ఒకటి, మెలిక తర్వాత చివర్లో ఇంకొకటి ఉంటాయి. మనకు కావలసింది మెలిక లేని నిటారు కేబుల్. అది మీ చేతిలోనే ఉంది. బోర్డు కనెక్టర్ నుంచి మధ్య కనెక్టర్ వరకు తీగలు నేరుగా వెళ్తాయి. మధ్య కనెక్టర్ దాటాక మిగిలిన ముక్కను కత్తిరించేయండి.

చివరి కనెక్టర్‌నే వాడితే ఏమవుతుందంటే, మెలిక 10వ తీగను 16తో, 12వ తీగను 14తో మార్చేస్తుంది. కంప్యూటర్ 0వ డ్రైవ్‌ని పిలిస్తే ఆ పిలుపు డ్రైవ్ మోటార్ పిన్‌కి చేరుతుంది. మోటార్ తిరుగుతుంది, లైటు మాత్రం వెలగదు. "మోటార్ తిరుగుతోంది కానీ ఏమీ చదవడం లేదు" అని ఎవరైనా అంటే నేను ముందు అడిగేది మెలిక గురించే.

4. డ్రైవ్ సెలెక్ట్ సరిచేయండి

సీపీసీ 6128, ప్లస్3 రెండో డ్రైవ్ పోర్టుకి తగిలిస్తుంటే ఈ మెట్టు దాటేయండి. ఆ పోర్టు 1వ డ్రైవ్‌నే (బి డ్రైవ్) పిలుస్తుంది, పీసీ డ్రైవ్ కూడా దానికే పలుకుతుంది. ఒక్క జాగ్రత్త. సీపీసీ మాన్యువల్‌లో ఆ పోర్టు పిన్ నంబర్లు ఎదురు కొస నుంచి లెక్కపెట్టారు. రెడీని పిన్ 1 అనీ, డ్రైవ్ సెలెక్ట్‌ని పిన్ 23 అనీ చూపిస్తుంది. 35లోంచి ఆ నంబరు తీసేస్తే మనం వాడే నంబరు వస్తుంది.

ఎస్‌టీ, అమిగా లోపలి డ్రైవ్ స్థానంలో పెడుతుంటే డ్రైవ్ 0వ డ్రైవ్‌గా పలకాలి. జంపర్ ఉంటే దాన్ని డీఎస్0కి మార్చండి, పని అయిపోయినట్టే. జంపర్ లేకపోతే ఇలా చేయండి:

ఎర్ర గీత ఉన్న తీగ 1. అక్కడి నుంచి లెక్కపెట్టి 10వ తీగను, 12వ తీగను డ్రైవ్ కనెక్టర్‌కి మూడు నాలుగు సెంటీమీటర్ల ముందు బ్లేడుతో పక్క తీగల నుంచి విడదీయండి. రెండింటినీ కత్తిరించండి. కంప్యూటర్ వైపు నుంచి వచ్చే 10వ తీగను డ్రైవ్ వైపు వెళ్లే 12వ తీగతో కలిపి సోల్డర్ చేసి హీట్ ష్రింక్ వేయండి. మిగిలిన రెండు కొసలను విడివిడిగా కప్పేయండి.

లెక్క తప్పడం ఇక్కడ అందరూ చేసే పొరపాటు. ఒక్క తీగ తేడా వచ్చినా గ్రౌండ్‌ని పట్టుకుంటారు. కత్తిరించే ముందే మీటర్ ఒక కొసను కంప్యూటర్ వైపు కనెక్టర్ 10వ రంధ్రంలో పెట్టి, రెండో కొసను సూదితో ఆ తీగకి గుచ్చి చూడండి.

5. పిన్ 34 సంగతి

ఇది కంప్యూటర్‌ని బట్టి మారుతుంది.

*అటారీ ఎస్‌టీ:* ఏమీ చేయక్కర్లేదు. డిస్క్ మార్చారా అన్నది అది రైట్ ప్రొటెక్ట్ సిగ్నల్‌ని చూసి కనిపెడుతుంది. ఈ మూడు రకాల్లో ఇదే సులువు.

*సీపీసీ, ప్లస్3:* వీటిలోని ఎన్‌ఈసీ 765 కంట్రోలర్ రెడీ సిగ్నల్ లేకపోతే డ్రైవ్ జోలికే వెళ్లదు. అందుకని 34వ తీగను కత్తిరించి, కంప్యూటర్ వైపు కొసను పక్కనే ఉన్న 33వ తీగకి, అంటే గ్రౌండ్‌కి కలపండి. డ్రైవ్ వైపు కొసను ఊరికే కప్పేయండి. 33ని తెంచకుండా పై తొడుగు మాత్రం కొంచెం గీకి అక్కడే సోల్డర్ చేయవచ్చు. దీనివల్ల ఒక ఇబ్బంది ఉంది. డ్రైవ్‌లో డిస్క్ ఎప్పుడూ ఉన్నట్టే కంప్యూటర్ అనుకుంటుంది. ఖాళీ డ్రైవ్‌ని చదవమంటే కదలకుండా ఆగిపోతుంది. కంగారుపడి రీసెట్ చేయకండి, ఏదో ఒక డిస్క్ పెట్టండి, అది తేరుకుంటుంది. రీసెట్ చేస్తే టైప్ చేసిన ప్రోగ్రామ్ పోతుంది.

*అమిగా:* ఇది కొంచెం చిక్కు. అమిగా "డిస్క్ మార్చారు" అనే సిగ్నల్‌ని పిన్ 2 మీద, రెడీని పిన్ 34 మీద ఆశిస్తుంది. కాబట్టి 2, 34 తీగలు రెండూ కత్తిరించి, డ్రైవ్ వైపు 34ని కంప్యూటర్ వైపు 2కి కలపాలి. డ్రైవ్ వైపు 2ని కప్పేయండి. కంప్యూటర్ వైపు 34ని కూడా వదిలేస్తే వర్క్‌బెంచ్ (అమిగా డెస్క్‌టాప్) మామూలుగా పనిచేస్తుంది. కానీ రెడీ కోసం ఎదురుచూసే కొన్ని గేములు లోడ్ కాకుండా నిలిచిపోతాయి. ఆ గేములే మీకు ముఖ్యమైతే రెడీని తయారుచేసి ఇచ్చే అడాప్టర్ బోర్డు వాడండి. 34ని శాశ్వతంగా గ్రౌండ్ చేయడం నేను చెప్పను. ఆ తీగను బయటి డ్రైవ్‌లు కూడా పంచుకుంటాయి, కంప్యూటర్ వాటిని గుర్తుపట్టేది దాని ద్వారానే.

6. ఆన్ చేసే ముందు మీటర్‌తో ఒకసారి

రెండు కొసలూ దేనికీ తగిలించకుండా చూడండి. 8, 16, 18, 20, 22, 24, 26, 28, 30, 32 తీగలు ఇటు నుంచి అటు నేరుగా బీప్ ఇవ్వాలి. మీరు మార్చినవి మార్చిన చోటే పలకాలి. సరిసంఖ్య తీగల్లో ఏ రెండూ ఒకదానితో ఒకటి కలిసి ఉండకూడదు. గ్రౌండ్‌తోనూ కలవకూడదు, సీపీసీ, ప్లస్3 కోసం మనం కావాలని కలిపిన 34 తప్ప. ఈ ఐదు నిమిషాలు తర్వాత ఒక సాయంత్రాన్ని మిగులుస్తాయి.

7. డిస్క్ లేకుండా ఆన్ చేయండి

ఇది నేను నష్టపోయి నేర్చుకున్నది. మొదటిసారి కేబుల్‌ని తిరగేసి పెట్టాను, డ్రైవ్‌లో నాకు ఎంతో ఇష్టమైన డిస్క్ ఉంది. కేబుల్ తిరగబడితే డ్రైవ్‌కి వెళ్లే సిగ్నల్స్ అన్నీ గ్రౌండ్ అవుతాయి, వాటిలో రైట్ గేట్ కూడా ఒకటి. అంటే డ్రైవ్‌కి "రాయి" అన్న ఆజ్ఞ వెళ్తుంది. హెడ్ కింద ఉన్న ట్రాక్ చెరిగిపోయింది. ఆ డిస్క్ మళ్లీ లోడ్ కాలేదు.

ఆన్ చేయగానే డ్రైవ్ లైటు వెలిగి ఆరకుండా అలాగే ఉంటే కేబుల్ తిరగబడిందని అర్థం. ఆపేసి, ఎర్ర గీత రెండు వైపులా పిన్ 1 పక్కన ఉందో లేదో చూడండి. లైటు ఆరి ఉండి, మీరు డ్రైవ్‌ని పిలిచినప్పుడు మాత్రమే వెలగాలి.

8. సరైన డిస్క్ పెట్టండి

ఇప్పటి డ్రైవ్ డిస్క్ మూలన ఉన్న రెండో రంధ్రాన్ని చూసి అది 1.44 ఎంబీ డిస్కో కాదో తేల్చుకుంటుంది. మీ పాత కంప్యూటర్ సెకనుకి 250 కిలోబిట్ల చొప్పున డబుల్ డెన్సిటీలో రాస్తుంది. రంధ్రం తెరిచి ఉంటే డ్రైవ్ హై డెన్సిటీకి మారిపోతుంది, ఇద్దరి మాటా కలవదు. డబుల్ డెన్సిటీ డిస్కులు, అంటే ఆ రంధ్రం లేనివి దొరికితే అవే వాడండి. లేకపోతే 1.44 డిస్క్ రంధ్రాన్ని రెండు వైపులా కాంతి దూరని టేపుతో మూసేయండి. పారదర్శకమైన టేపు వద్దు, కొన్ని డ్రైవ్‌లు రంధ్రాన్ని కాంతితో చూస్తాయి. టేపు లేచిపోతే డ్రైవ్‌లో ఇరుక్కుంటుంది, గట్టిగా రుద్ది అంటించండి.

టేపు వేసినవి ఆటలకీ ప్రయోగాలకీ పర్వాలేదు. దాచుకోవలసిన వాటికి మాత్రం అసలైన డబుల్ డెన్సిటీ డిస్కులే మంచివి. అన్నట్టు, ఈ టేపు చిట్కా 5.25 అంగుళాల డిస్కులకి పనికిరాదు. వాటిలో హై డెన్సిటీ పూత అయస్కాంత గుణమే వేరు, రాసింది నిలవదు.

9. ఫార్మాట్ చేసి లెక్క సరిచూడండి

- ప్లస్3: ఫార్మాట్ "బి:" అని ఇచ్చి, తర్వాత క్యాట్ "బి:" ఇవ్వండి. 173కే (కిలోబైట్లు) ఖాళీ అని చూపాలి. లోడ్ "బి:" అంటే అప్పటి నుంచి బి డ్రైవే వాడుకుంటుంది.
- సీపీసీ: సీపీ/ఎం (సీపీసీలో నడిచే ఆపరేటింగ్ సిస్టమ్) డిస్క్‌లోని డిస్క్‌కిట్ ప్రోగ్రామ్‌తో డేటా ఫార్మాట్ చేస్తే 178కే రావాలి. బేసిక్‌లో నిలువుగీత బి కొట్టి క్యాట్ ఇవ్వండి.
- ఎస్‌టీ: డబుల్ సైడెడ్ ఫార్మాట్ తర్వాత షో ఇన్ఫోలో 7,26,016 బైట్లు ఖాళీ కనబడాలి. 3,57,376 వస్తే ఒకవైపే ఫార్మాట్ అయింది.
- అమిగా: 880కే డిస్క్.

సీపీసీ, ప్లస్3లో 720కే డ్రైవ్‌కి 170 చిల్లరేనా అని నిరాశపడకండి. అవి 40 ట్రాకులు, ఒకవైపు మాత్రమే వాడతాయి. డ్రైవ్ తప్పేమీ లేదు. పైగా దీంతో ఒక మేలుంది. 3 అంగుళాల డిస్క్ ఒక వైపు ఉన్నదంతా ఇందులో సరిగ్గా పడుతుంది. మీ ఎ డ్రైవ్ బెల్టు ఇంకా బతికి ఉంటే ఈ రోజే పాత డిస్కులను బి డ్రైవ్‌కి కాపీ చేయడం మొదలుపెట్టండి.

ఫార్మాట్ అయితే చాలదు. పెద్ద ఫైల్ ఒకటి రాసి, కంప్యూటర్ ఆపి, మళ్లీ ఆన్ చేసి చదవండి. ఆ డిస్క్‌నే ఇంకో డ్రైవ్‌లో చదివి చూడండి. తను రాసింది తను మాత్రమే చదవగలుగుతుంటే ఆ డ్రైవ్ హెడ్ అమరిక పక్కకి జరిగింది. అలాంటి డ్రైవ్‌కి విలువైన డేటా అప్పగించకండి.

ఆగిపోయినప్పుడు

లైటు వెలుగుతుంది, మోటార్ తిరుగుతుంది, కానీ "డ్రైవ్ సిద్ధంగా లేదు" అంటుంది: 34వ తీగ చూడండి. సోల్డర్ పట్టలేదేమో.

డైరెక్టరీ వస్తుంది, లోపలి ఫైళ్లు రావు: ముందు డిస్క్ మార్చి చూడండి, ఆపైన కడ్డీ మీది గ్రీజు. ఎస్‌టీ, అమిగాలో సగం ఫైళ్లు మాత్రమే పోతుంటే 32వ తీగ అనుమానించాలి, రెండో వైపు హెడ్‌ని పిలిచేది అదే.

అమిగాలో డిస్క్ మార్చినా పాత డిస్క్ పేరే చూపిస్తుంది: 34 నుంచి 2కి వేసిన తీగ తెగింది. ఈ స్థితిలో రాయనివ్వకండి, పాత డిస్క్ పట్టికను కొత్త డిస్క్ మీద రాసేసే ప్రమాదం ఉంది.

హెడ్ కదులుతుంది, అన్నీ బాగున్నట్టే ఉంటుంది, ఒక్క బైటూ చదవదు: ముందు రంధ్రం మీది టేపు చూడండి. అది సరిగానే ఉంటే కంప్యూటర్ వైపు 150 ఓమ్‌ల పుల్అప్ రెసిస్టర్లు (తీగను 5 వోల్టుల వైపు ఎత్తి పట్టేవి) ఉన్నాయేమో సర్క్యూట్ బొమ్మలో వెతకండి. 5 వోల్టుల దగ్గర ఆ తీగను కిందికి లాగాలంటే 33 మిల్లీఆంపియర్లు కావాలి. పాత డ్రైవ్‌లు అవలీలగా లాగేవి, కొత్తవి కొన్ని లాగలేవు. ఆ రెసిస్టర్లు సాకెట్‌లో ఉండే ప్యాక్ అయితే తీసి 1 కిలో ఓమ్‌ది పెట్టవచ్చు. బోర్డుకి అతికించి ఉంటే వాటిని కదిపేకన్నా వేరే డ్రైవ్‌తో ప్రయత్నించండి.

ఇవన్నీ చేసినా డ్రైవ్ మొండికేస్తే, లేదా డిస్కులే దొరక్కపోతే, గోటెక్ ఎమ్యులేటర్ ఉంది, అంటే ఫ్లాపీ డ్రైవ్‌లా నటించే పెట్టె. ఫ్లాష్‌ఫ్లాపీ ఫర్మ్‌వేర్ వేసిన గోటెక్ ఇదే 34 పిన్‌ల చోట కూర్చుని పెన్ డ్రైవ్‌లోని డిస్క్ ఇమేజ్‌లను చదువుతుంది. దానికీ నిటారు కేబులే కావాలి, మెలిక ఉండకూడదు. వెనక ఎస్0 జంపర్ పెడితే 0వ డ్రైవ్, ఎస్1 పెడితే 1వ డ్రైవ్. సెట్టింగ్స్ ఫైల్‌లో ఇంటర్‌ఫేస్‌ని షుగార్ట్ అని పెడితే పిన్ 34 మీద రెడీ అదే ఇస్తుంది. కాబట్టి సీపీసీ కోసం చేసుకున్న 33-34 అతుకు ఉన్న కేబుల్ దీనికి వాడకండి, ఇంకో కేబుల్ చేసుకోండి. రెండు కేబుళ్లు ఉన్నప్పుడు ఏది దేనికో చీటీ అంటించి పెట్టుకోండి.